తాడిపత్రి ఎండలో ఇంటి ప్రింటరు

ప్రింటు, జిరాక్సు, స్కాను మూడూ ఒకే పెట్టెలో చేసిపెట్టే యంత్రాన్ని అంగళ్ళలో ‘ఆల్ ఇన్ వన్’ అంటారు. ఇంట్లో ఒక గదిని ఆఫీసు చేసుకున్నవాళ్ళు ఏదో ఒకనాడు దాన్ని కొనాలా వద్దా అని ఆలోచించకుండా ఉండరు. ఏది కొనాలో చెప్పే సమీక్షలకూ కొదవ లేదు. అవి చల్లని గదిలో, కరెంటు పోని ఊళ్ళో, దుమ్ములేని బల్లమీద పెట్టిన యంత్రాల గురించి రాసినవి. మన అనంతపురం ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లా. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. దానికి తోడు తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీల నుంచి లేచే తెల్లటి పొడి. అందుకే ఇక్కడ పేజీకి ఎన్ని పైసలు పడుతుందన్నది తర్వాత అడగవలసిన మాట. ఈ గాలిలో యంత్రం ఎన్నాళ్ళు నిలుస్తుందన్నదే ముందు అడగాలని నా అభిప్రాయం.

ఊళ్ళో ఇంటి ఆఫీసులకు కాగితం అవసరం ఎక్కడ పుడుతోందో చూస్తే ఈ మాట ఇంకా తేటపడుతుంది. తాడిపత్రి వ్యాపారంలో పెద్ద భాగం నాపరాయి, గ్రానైటు. చుట్టూ సిమెంటు కర్మాగారాలు, ఉక్కు కర్మాగారం ఉన్నాయి కాబట్టి లారీల వ్యాపారమూ ఎక్కువే. బండలు అమ్మేవాళ్ళలో చాలామందికి వేరే ఆఫీసంటూ ఉండదు. ఇంటి ముందుగదిలో ఒక కంప్యూటరు, ఒక బీరువా, సాయంత్రం వచ్చి లెక్కలు చూసే గుమస్తా. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచి ఆ గదిలో కాగితం పెరిగింది. సరుకు అమ్మితే ఇన్వాయిసు మూడు ప్రతులు తీయాలని జీఎస్టీ నియమాల్లో 48వ నియమం చెబుతోంది. ఒకటి కొన్నవాడికి, ఒకటి లారీ వెంట, ఒకటి అమ్మినవాడి దగ్గర. ఇ-ఇన్వాయిసు వర్తించే పెద్ద వ్యాపారులకు ఈ మూడు ప్రతుల లెక్క లేదు. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకు విలువ 50 వేల రూపాయలు మించితే ఇ-వే బిల్లు కూడా తప్పనిసరి అయింది. దాన్ని ఫోనులో చూపినా చెల్లుతుంది. అయినా రాత్రిపూట తనిఖీ దగ్గర ఫోను చేత పట్టుకొని నిలబడడం కంటే కాగితం చేతికివ్వడమే డ్రైవరుకు ధైర్యం. లారీ లోడయ్యేది ఎక్కువగా చీకటి పడ్డాకే. ఆ వేళకు జిరాక్సు అంగళ్ళు మూసేసి ఉంటాయి. బండల వ్యాపారి ఇంట్లో ప్రింటరుకు ఇంతకంటే బలమైన కారణం అక్కరలేదు.

చీనీకాయలు ఉత్తరాదికి పంపే వ్యాపారికీ లారీ వెంట కాగితం కావలసిందే. ఇక రైతు కుటుంబాల పనులు చేసిపెట్టేవాళ్ళ సంగతి. భూమి కాగితాలైన అడంగల్, వన్ బీ, ఈసీ, పాసుబుక్కు నకలు, ఆధారు నకలు, ఇవన్నీ ఒక కట్టగా కడితే తప్ప పంట రుణం కదలదు. మీభూమి పోర్టల్ వచ్చాక అడంగల్ ఇంట్లో కూర్చొని చూసుకోవచ్చు గానీ, బ్యాంకు బల్లమీదికి పోయేసరికి అది మళ్ళీ కాగితమే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బెంగళూరు, హైదరాబాదు నుంచి సొంతూళ్ళకు చేరిన సాఫ్ట్‌వేర్ పిల్లల సంగతి వేరు. వాళ్ళకు ప్రింటు అవసరం నెలకు నాలుగైదు పేజీలకు మించదు. స్కాను మాత్రం కావాలి. ట్యూషను చెప్పే టీచరుకు పరీక్షల ముందు వందల పేజీలు కావాలి, సెలవుల్లో ఒక్కటీ అక్కరలేదు.

ఒకే ఊళ్ళో ఒకే పెట్టెను ఇన్ని రకాలుగా వాడతారు. వీళ్ళందరికీ కలిపి ఒక మంచి మోడల్ పేరు చెప్పేవాళ్ళను నేను నమ్మను.

యంత్రం లోపలికి వస్తే, ఉన్నవి రెండే వంశాలు. ఒకటి పొడితో అచ్చువేసేది, రెండోది తడితో. పొడి వంశానికి మూలపురుషుడు చెస్టర్ కార్ల్‌సన్. న్యూయార్క్‌లో ఒక సంస్థ పేటెంటు విభాగంలో పనిచేస్తూ, పత్రాలకు నకళ్ళు తీయలేక విసిగి, 1938 అక్టోబరు 22న అస్టోరియాలోని ఒక చిన్న గదిలో స్థిర విద్యుత్తుతో కాగితం మీదికి మొదటి నకలు దించాడు. దస్తావేజు లేఖరుల కష్టాన్ని ఎరిగినవాళ్ళకు ఆయన విసుగు చప్పున అర్థమవుతుంది. ఆ పద్ధతి 1959లో జిరాక్స్ 914 యంత్రమై బయటికొచ్చింది. గ్యారీ స్టార్క్‌వెదర్ జిరాక్స్ సంస్థలో ఉండి, దానికి లేజరు కిరణం జోడించి ప్రింటరుగా మార్చాడు. తడి వంశంలో రెండు శాఖలు. 1977లో కేనన్‌లో ఇచిరో ఎండో అనే ఇంజనీరు దగ్గర, వేడి సోల్డరింగ్ కడ్డీ సిరా నింపిన సిరంజికి తగిలి సిరా చివ్వున చిమ్మింది. సిరాను వేడిచేసి బుడగ పుట్టించి చిమ్మించే పద్ధతి అక్కడ మొదలైంది. హెచ్‌పీ కూడా విడిగా ఆ దారికే వచ్చింది. ఎప్సన్, బ్రదర్ యంత్రాలు వేడిచేయవు. కరెంటు తగిలితే వంగే చిన్న పలకతో సిరాను నెడతాయి. ఇక పలు పనులు ఒకే పెట్టెలో పెట్టి ఇంటి ఆఫీసులకు అమ్మడం 1994లో వచ్చిన హెచ్‌పీ ఆఫీస్‌జెట్‌తో ఊపందుకుంది.

ఈ వంశాల తేడా మనకు పట్టేది ఎండాకాలంలోనే. ఇంకు యంత్రం హెడ్డులో కంటికి కనబడనంత సన్నని రంధ్రాలు వందలు ఉంటాయి. సిరాలో ఎక్కువ భాగం నీళ్ళే. గాలిలో తేమ తక్కువైతే రంధ్రాల మొనల్లో ఆ నీరు ఆవిరైపోయి రంగు గడ్డకడుతుంది. సముద్రం పక్కన ఊళ్ళో నెల రోజులు ముట్టుకోని యంత్రం ఒకసారి హెడ్డు క్లీనింగుతో తేరుకోవచ్చు. తాడిపత్రి వేసవిలో అదే యంత్రం మీద పదిహేను రోజులకే గీతలు మొదలైతే ఆశ్చర్యపోవలసింది లేదు. చాలా చిన్న ఇంకు యంత్రాల కాగితాల్లో గది వేడి 35 డిగ్రీలు మించవద్దని రాసి ఉంటుంది. కొన్ని లేజర్లకైతే ఆ హద్దు 32 డిగ్రీల దగ్గరే. రేకుల కప్పు కింది గదిలో, మిద్దె మీద గదిలో మే నెల మధ్యాహ్నం ఆ హద్దు నిలవదు. ఆ వేళ పెద్ద పనులు పెట్టుకోక, పొద్దున్నో రాత్రో తీసుకోవడం తప్ప వేరే మందు లేదు. యంత్రాన్ని కింది అంతస్తులో, ఎండ పడని గోడవైపు పెట్టుకోవడం వల్ల కలిగే మేలు వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టి పెద్ద మోడల్ కొన్నా రాదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఇంకు యంత్రాన్ని దాని బటను నొక్కి ఆపితే, హెడ్డు పక్కకు జరిగి రబ్బరు మూత కింద కూర్చుంటుంది. ఆ మూతే దాన్ని ఎండిపోకుండా కాపాడుతుంది. గోడ ప్లగ్గు దగ్గర స్విచ్చి తీసేస్తే, ప్రింటు మధ్యలో కరెంటు పోతే, హెడ్డు మూత లేకుండా ఎక్కడున్నది అక్కడే ఉండిపోతుంది. రాత్రంతా అలా ఉంటే మన గాలికి చాలు. ఇంటి పొదుపు అలవాటుగా అన్ని స్విచ్చులూ గోడ దగ్గరే తీసేసే ఇళ్ళలో హెడ్డులు ముందుగా పోవడానికి ఇదొక కారణం. కరెంటు తిరిగి వచ్చాక యంత్రాన్ని ఒకసారి వేసి, బటనుతో ఆపితే చాలు, హెడ్డు తన చోటికి చేరుకుంటుంది.

అయితే కరెంటు విషయంలోనే ఇంకు యంత్రానికి ఒక పెద్ద సుగుణం ఉంది. చిన్న ఇంకు ట్యాంకు యంత్రం ప్రింటు తీసేటప్పుడు పదిహేను వాట్ల చుట్టూ తింటుంది. ఇంటి ఇన్వర్టరు మీద అది హాయిగా నడుస్తుంది. లేజరు అలా కాదు. టోనరు పొడిని కాగితానికి కరిగించి అంటించడానికి లోపలి రోలరు 180 నుంచి 200 డిగ్రీల దాకా వేడెక్కాలి. అందుకు కొన్ని వందల వాట్లు ఒక్కసారిగా లాగుతుంది. కంప్యూటరుకు పెట్టిన చిన్న యూపీఎస్ దాన్ని మోయలేదు, దానికి తగిలించవద్దని తయారీదార్లే చెబుతారు. రాత్రి లారీ బయలుదేరే వేళ కరెంటు లేకపోతే బండల వ్యాపారికి పనికొచ్చేది ఇంకు యంత్రమే. వేసవి సెలవుల్లో రెండు నెలలు ముట్టుకోకుండా వదిలేసే టీచరుకు మాత్రం లేజరే మేలు. పొడి ఎండిపోదు కదా. ఏడాది తర్వాత వేసినా మొదటి పేజీ శుభ్రంగా వస్తుంది.

ఇక్కడే చిన్న కార్ట్రిడ్జి యంత్రాల మాట చెప్పేయాలి. నాలుగైదు వేలకే దొరుకుతాయి కాబట్టి పిల్లల చదువుకని కొంటుంటారు. ఆ చిన్న కార్ట్రిడ్జి రెండు వందల పేజీలలోపే అయిపోతుంది. మన ఎండకు సగం వాడకముందే ఎండిపోవచ్చు కూడా. ఇంటి ఆఫీసుకు దీన్ని నేను ఏ పరిస్థితిలోనూ సిఫారసు చేయను.

సిరాను సీసాలతో పోసుకునే ట్యాంకు యంత్రాలు వచ్చిన దారి తెలుసుకోదగ్గది. కార్ట్రిడ్జి ధరలు భరించలేక ఇండోనేషియాలోనూ మన దేశంలోనూ మెకానిక్కులు యంత్రం పక్కన సిరా డబ్బాలు పెట్టి, గొట్టాలతో హెడ్డుకు కలిపేవాళ్ళు. ఆ పని ఎంత పెరిగిందంటే చివరికి ఎప్సన్ తానే 2010లో ఇండోనేషియాలో ట్యాంకు ప్రింటర్లు దించింది. తర్వాత మన దేశానికీ తెచ్చింది. కేనన్, హెచ్‌పీ, బ్రదర్ ఆ వెనకే వచ్చాయి. ప్రింటరును చవగ్గా అమ్మి సిరాలో రాబట్టుకునే వ్యాపారాన్ని వీధి మెకానిక్కులే వంచారని నేను అనుకుంటాను. వాళ్ళకు ఆ గౌరవం దక్కవలసింది.

ట్యాంకుల్లో ఏది అన్న ప్రశ్నకు నా జవాబు మన గాలిని బట్టే. ఎప్సన్ చిన్న ట్యాంకు యంత్రాల్లో హెడ్డు యంత్రంతో పాటు బిగించి ఉంటుంది, ఇంట్లో మార్చుకోలేం. అది మూసుకుపోతే మెకానిక్కు చేతికి పోవాలి, ఖర్చూ బరువే. కేనన్ జీ వరుసలోనూ హెచ్‌పీ ట్యాంకుల్లోనూ హెడ్డును ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు. అలాగని ఎప్సన్‌ను తీసిపారేయలేం. అది సిరాను వేడిచేయదు కాబట్టి రోజూ వాడే చోట ఆ హెడ్డు చాలాకాలం నిలుస్తుంది. అందుకే రోజూ వాడే ఇంట్లో ఎప్సన్, వారానికోసారి వాడే ఇంట్లో హెడ్డు మారే యంత్రం. ఇంకో తేడా సిరాలో ఉంది. ఎప్సన్ ఎల్ 3210, ఎల్ 3250 లాంటి వాటిలో పోసే 003 సిరాలో నలుపు కూడా నీళ్ళలో కరిగే డై సిరాయే. చెమట చెయ్యి తగిలినా, నీటిచుక్క పడినా అక్షరం చెదురుతుంది. లారీ డ్రైవరు జేబులో మూడు రాష్ట్రాలు తిరిగే ఇన్వాయిసుకు ఇది చిన్న లోపం కాదు. కేనన్, హెచ్‌పీ ట్యాంకుల్లో నలుపు పిగ్మెంటు సిరా, తడికి తట్టుకుంటుంది. లేజరు పేజీకి ఆ భయమే లేదు.

లేజరుకు శత్రువు తడి కాదు, దుమ్ము. తాడిపత్రి చుట్టూ ఉన్న రాళ్ళు ఎంత పేరున్నవంటే భూగర్భ శాస్త్రంలో ఒక శిలా సముదాయానికి మన ఊరి పేరే పెట్టారు. ఆ రాళ్ళను కోసి పాలిష్ పట్టేటప్పుడు నీళ్ళతో కలిసి పారే బురద ఎండితే మెత్తటి పొడి అవుతుంది. గాలికి లేచి ఇళ్ళలోకి వస్తుంది. లేజరు యంత్రం లోపలి ఫ్యాను వేడిని బయటికి తోసేటప్పుడు బయటి గాలినీ లోపలికి లాగుతుంది. పొడి లేజరు అద్దం మీద కూర్చుంటే పేజీలో పైనుంచి కిందికి పాలిపోయిన పట్టీలు వస్తాయి. కాగితం లాగే రబ్బరు రోలరుకు అంటితే అది జారిపోయి కాగితం ఎక్కదు, లేదా ఒకేసారి రెండు ఎక్కుతాయి. ఇది ఇంకు యంత్రానికీ వచ్చే జబ్బే. తడిబట్టతో రోలరు తుడిస్తే సగం జబ్బులు పోతాయి. కాగితం వైపూ తప్పుంటుంది. ఎండాకాలం కట్ట విప్పి పెడితే కాగితంలో తేమ పోయి షీట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, అంచులు వంకర తిరుగుతాయి. రాజమండ్రిలో తయారైన కాగితమైనా, భద్రాచలం దగ్గర సారపాకలో తయారైన కాగితమైనా మిల్లు నుంచి తగిన తేమతోనే వస్తుంది. కట్ట పైకవరులోనే ఉంచి, ఆ రోజుకు కావలసినంత ట్రేలో పెట్టుకుని, యంత్రం మీద ఒక గుడ్డ కప్పుకోవాలి. మళ్ళీ వాడేటప్పుడు గుడ్డ తీశాకే స్విచ్చి వేయాలి, గాలి ఆడక యంత్రం వేడెక్కకుండా.

మన ఊళ్ళలో లేజరు అంటే ఇప్పటికీ గుర్తొచ్చేవి హెచ్‌పీ ఎం 1005, కేనన్ ఎల్‌బీపీ 2900. మొదటిది మూడు పనులూ చేస్తుంది, రెండోది ప్రింటు మాత్రమే. ఈ రెండూ ఇన్నాళ్ళు బతకడానికి కారణం వాటి టోనరు కార్ట్రిడ్జి. పన్నెండు ఏ అని మెకానిక్కులు పిలిచే ఆ కార్ట్రిడ్జి పేరుకు రెండు వేల పేజీలు ఇస్తుంది. అయిపోతే ఊళ్ళోనే పొడి నింపుతారు. కొత్త లేజర్లలో చాలావాటి కార్ట్రిడ్జికి చిప్పు వచ్చింది. పొడి నింపినా చిప్పు ‘అయిపోయింది’ అనే అంటుంది. ఈ తగువు మనది మాత్రమే కాదు. 2016 సెప్టెంబరులో హెచ్‌పీ ఇంకు యంత్రాలు కొన్ని సాఫ్ట్‌వేర్ మార్పు వల్ల బయటి కార్ట్రిడ్జిలను ఒక్కసారిగా తిరస్కరించాయి. గోల లేచాక ఆ కంపెనీ క్షమాపణ చెప్పి, ఆ కట్టడి లేని సాఫ్ట్‌వేరును కోరినవాళ్ళకు ఇచ్చింది. 2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు ప్రింటర్ల కంపెనీ లెక్స్‌మార్క్ కేసులో, కార్ట్రిడ్జిని ఒకసారి అమ్మేశాక దాన్ని తిరిగి నింపేవాళ్ళ మీద పేటెంటు హక్కు చెల్లదని తేల్చింది. కోర్టు తీర్పు చిప్పును తెరవదు. కాబట్టి లేజరు కొనబోయేవాళ్ళు అంగడివాడిని కాదు, రీఫిల్లింగు చేసే మెకానిక్కును ముందు అడగాలి: అన్నా, ఈ మోడలుకు పొడి నింపుతావా, చిప్పు దొరుకుతుందా? అతను తల అడ్డంగా ఊపితే ఆ మోడల్ వదిలేయడమే మంచిది. అసలు టోనరు కొంటే కొన్ని మోడళ్ళలో పేజీకి రెండు రూపాయలు దాటిపోతుంది. బ్రదర్ లేజర్లలో టోనరు, డ్రమ్ము వేర్వేరు కాబట్టి పొడి అయిపోయినప్పుడల్లా డ్రమ్మును పారేయనక్కరలేదు. ఈ ఏర్పాటు నాకు నచ్చుతుంది. ఎప్సన్ మాత్రం కరెంటు ఖర్చు, పర్యావరణం కారణాలు చూపి 2026 కల్లా లేజరు ప్రింటర్ల అమ్మకం ఆపేస్తానని 2022లో ప్రకటించింది.

ఇప్పుడు పైసలు. ట్యాంకు యంత్రంలో నలుపు పేజీకి పది పైసల చుట్టూ పడుతుందని కంపెనీలు చెబుతాయి. 003 నలుపు సీసా 65 మిల్లీలీటర్లకు 4,500 పేజీలన్నది వాళ్ళ లెక్క. ఇలాంటి లెక్కల్లో పేజీ అంటే నూటికి అయిదు వంతుల చోటు మాత్రమే నలుపున్న పేజీ అని సాధారణంగా అర్థం. ఆధారు, పాసుబుక్కు జిరాక్సులో బూడిదరంగు నేపథ్యం కూడా అచ్చవుతుంది కాబట్టి సిరా అంతకు కొన్ని రెట్లు పోతుంది. కొత్త యంత్రంలో మొదట పోసిన సిరాలో కొంత గొట్టాలు నిండడానికే పోతుంది. సరే, పది పైసలే అనుకుందాం. అయిదు వందల షీట్ల కట్ట 325 రూపాయలనుకుంటే కాగితం ఒక్కటే 65 పైసలు. అంటే ఖర్చులో పెద్ద భాగం సిరా కాదు, కాగితం. సిరా ధరల మీద ఇంత చర్చ జరుగుతూ ఈ సంగతి మరుగున పడుతోంది. ఎక్కువ పేజీలు తీసే టీచరు, పన్ను సలహాదారు రెండువైపులా దానంతటదే తిప్పి అచ్చువేసే మోడల్ కొంటే మిగిలేది ఏ సిరా మార్చినా మిగలదు. ఎప్సన్‌లో ఎల్ 4260 లాంటివి అలా తిప్పుతాయి, ఎల్ 3250 తిప్పదు.

బయట జిరాక్సు రెండు రూపాయలు, యంత్రం పద్నాలుగు వేలు అనుకొని లెక్క వేస్తే, ఇంట్లో తీసిన ప్రతి పేజీ మీద రూపాయి పావలా మిగులుతుంది. పెట్టిన డబ్బు రావడానికి 11,200 పేజీలు పట్టాలి. యంత్రం నాలుగేళ్ళు నడుస్తుందనుకుంటే రోజుకు దాదాపు ఎనిమిది పేజీలు. కంప్యూటరు నుంచి ప్రింటుకు అయిదు రూపాయలు తీసుకునే చోటైతే రోజుకు రెండు మూడు పేజీలతోనే లెక్క సరిపోతుంది. నెలకు అయిదు పేజీలు తీసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఏ లెక్కలోనూ ఇది గిట్టదు. ఫోనుతో స్కాను చేసుకుని, ప్రింటుకు బజారు అంగడికి పోవడమే అతనికి తగినది.

డబ్బు లెక్కలోకి రాని కారణం ఒకటి ఇక్కడ అడ్డొస్తుంది. ప్రింటు కోసం మన ఆధారు, బ్యాంకు స్టేట్‌మెంటు అంగడివాళ్ళ ఫోనుకు వాట్సాప్‌లో పంపుతాం. పని అయ్యాక అది అక్కడే ఉండిపోతుంది. అంగడివాళ్ళు మంచివాళ్ళే కావచ్చు. ఆ ఫోను, ఆ కంప్యూటరు ఎందరి చేతుల్లోకి పోతాయో ఎవరూ చెప్పలేరు. 2022 మేలో ఆధారు సంస్థ బెంగళూరు కార్యాలయం ఆధారు నకళ్ళు ఎవరికి పడితే వాళ్ళకు ఇవ్వవద్దని ప్రకటన ఇచ్చింది. జనం బెదిరిపోయేసరికి రెండు రోజులకే దాన్ని కేంద్రం వెనక్కి తీసుకుంది. ఆ ప్రకటన పోయినా అందులోని ఆందోళన నిజమైనదే. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్కుడ్ ఆధారు దించుకునే వీలుంది, చెల్లే చోట దాన్నే వాడాలి. ఊళ్ళో పది మంది కాగితాలు చేతిలో ఉండే పన్ను సలహాదారుకు, బీమా ఏజెంటుకు ఇంట్లో యంత్రం ఉండడం తన ఖాతాదారుల పట్ల బాధ్యత కూడా. ఎనిమిది పేజీల లెక్క కుదరకపోయినా వాళ్ళు కొనాలనే నేనంటాను.

స్కానరు అద్దం సంగతి చూడకుండా కొనేవాళ్ళే ఎక్కువ. చిన్న ఆల్ ఇన్ వన్‌ల స్కానరు అద్దం ఏ4 కొలతే. పాత దస్తావేజులు, స్టాంపు కాగితాలు దానికంటే పొడుగు. కింద సంతకాలు, వేలిముద్రలు ఉన్న భాగమే అద్దం బయట మిగిలిపోతుంది. భూమి కాగితాల పని చేసేవాళ్ళకు పైనుంచి షీట్లు లాగే ఏడీఎఫ్ ఉండి, లీగల్ సైజు తీసుకునే మోడల్ కావాలి. మెత్తబడిన పాత స్టాంపు కాగితాన్ని మాత్రం ఏడీఎఫ్‌లో పెట్టకూడదు, మడతల దగ్గర చిరిగిపోతుంది. అలాంటివాటిని అద్దం మీద పెట్టి రెండు భాగాలుగా తీయాలి, లేదా పొడుగు అద్దం ఉన్న జిరాక్సు అంగడికి తీసుకుపోవాలి. ఏడీఎఫ్ పక్కనుండే సన్నటి గాజుపట్టీ మీద ఒక్క రేణువు కూర్చున్నా ప్రతి పేజీలోనూ పైనుంచి కిందికి నల్లగీత వస్తుంది. దుమ్ము ఊరు కాబట్టి ఆ పట్టీని తుడుచుకుంటూ ఉండాలి. పోర్టళ్ళకు ఎక్కించే కాగితాలు 200 డీపీఐలో తీస్తే అక్షరం తేటగానే ఉంటుంది, ఫైలు బరువు కూడా హద్దులో ఉంటుంది. పాత దస్తావేజు చేతిరాతకు 300 పెట్టాలి. ఆధారు రెండువైపులా ఒకే కాగితం మీద తీసే ‘ఐడీ కాపీ’ బటను ఉందో లేదో కూడా చూసుకోవాలి. ఊళ్ళో ఇంటి ఆఫీసుల్లో రంగు ఫోటోల కంటే ఆ బటను పదింతలు పనికొస్తుంది.

తెలుగు అచ్చు గురించి రెండు మాటలు. కొన్ని పీడీఎఫ్‌లలో తెరమీద సరిగ్గా ఉన్న తెలుగు, కాగితం మీద వత్తులు విడిపోయి వస్తుంది. యంత్రంలో లోపం లేదు, ఫాంటుకూ డ్రైవరుకూ పొత్తు కుదరలేదంతే. ప్రింటు పెట్టేటప్పుడు ‘ఇమేజిగా ప్రింటు’ అన్న ఎంపిక పెడితే బాగవుతుంది. సిరా ఆదాకు డ్రాఫ్టులో తీసినా, చవక కాగితం మీద సిరా పాకినా వత్తులు, గుణింతాలు తేటగా రావు. సర్వే నంబర్ల పక్కనుండే పేర్లలో ఒక గుణింతం తప్పుగా చదివితే ఏమవుతుందో తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగినవాళ్ళకు చెప్పనక్కరలేదు. లేజరు అక్షరం ఈ విషయంలో ఎప్పుడూ తేట.

వైఫై మోడల్ తీసుకునేవాళ్ళు ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. చిన్న ప్రింటర్లలో చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే పనిచేస్తాయి. ఫైబరు రౌటరులో రెండు బ్యాండులూ ఒకే పేరుతో ఉంటే ప్రింటరు దొరకడం లేదని ఫోను మొరాయిస్తుంది. రెంటికీ వేరు పేర్లు పెడితే సరిపోతుంది.

ఇంకు యంత్రం వయసును నిర్ణయించేది మరొకటి లోపల దాగి ఉంటుంది. హెడ్డు కడిగినప్పుడల్లా పోయే సిరాను పీల్చుకునే మెత్త అడుగున ఉంటుంది. అది నిండిందని లెక్క చేరగానే యంత్రం నిలిచిపోతుంది. మన గాలికి హెడ్డు కడగడం ఎక్కువ కాబట్టి ఆ మెత్తా త్వరగా నిండుతుంది. కొత్త మోడళ్ళలో కొన్నింటికి ఈ మెత్తను డబ్బాగా చేసి ఎవరికి వాళ్ళు మార్చుకునేలా పెడుతున్నారు. రెండు మోడళ్ళ మధ్య తేల్చుకోలేనప్పుడు ఈ డబ్బా ఉన్నదాన్నే ఎంచుకోమంటాను. వారానికి ఒకసారి నాలుగు రంగులూ పడేలా ఒక పేజీ తీసేవాళ్ళకు కడగడం అవసరం చాలా తగ్గుతుంది.

కంపెనీ సర్వీసు మనిషి ఊళ్ళోనే ఉన్నాడా, అనంతపురం నుంచి రావాలా, యంత్రాన్నే మోసుకుపోవాలా అన్నది డబ్బు చెల్లించకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. అక్కడికి యాభై కిలోమీటర్లకు పైగా దూరం. బస్సులో ట్యాంకు యంత్రాన్ని అడ్డంగా పెడితే సిరా లోపలంతా ఒలికి, చిన్న జబ్బు పెద్దదవుతుంది. నిటారుగానే పెట్టాలి, మూతలు బిగించాలి. అలాగే పాతబడిన యంత్రం ఎక్కడికి పోవాలో కూడా అప్పుడే అడగడం మంచిది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఇ-వేస్ట్ నిబంధనల జాబితాలో ప్రింటర్లూ కార్ట్రిడ్జిలూ ఉన్నాయి. వాటి రీసైక్లింగు బాధ్యత తయారీదార్ల మీద పెట్టారు. టోనరు పొడి ఉన్న ఖాళీ కార్ట్రిడ్జిలను పెన్న ఒడ్డున చెత్తలో వేయకుండా, ఏ అంగడి వెనక్కి తీసుకుంటుందో ఆ అంగడిలోనే కొత్తది కొనాలి.